ఒకటో మంచం తూకం

బెంగళూరులో రైలు దిగేసరికి తుంపర పడుతోంది. జూన్ నెల. చేతిలో నల్ల ట్రంకు పెట్టె, వీపున కిట్‌బ్యాగు. ఒంటి మీద ఇంకా ఉన్ని బనీను, ఎందుకంటే నేను వస్తున్నది ఉత్తరాన మంచు కొండ మీది నుంచి. రెండేళ్ళు అక్కడ ఉన్నాను. ఊపిరి పీల్చుకోవడమే సగం డ్యూటీ అయిన చోటు. బెంగళూరు ఆర్డరు వచ్చిన రోజు బంకర్లో అందరూ నా వీపు చరిచారు. వంటవాడైతే ఏకంగా హల్వా చేశాడు.

"పీస్ పోస్టింగ్ దానియేలూ! తిని పడుకోవడమే ఇంక" అన్నాడు మా సుబేదారు.

తిని పడుకోవడమేనట! ఆ పెద్దమనిషి ఎక్కడున్నాడో గానీ, ఒక్కసారి కనిపిస్తే మాట్లాడాల్సింది చాలా ఉంది.

మా మదనపల్లెలో నన్ను యుద్ధం గురించి చెప్పమంటారు. చర్చిలో కుర్రాళ్ళైతే తుపాకీ ఎన్నిసార్లు పేల్చావన్నా అని మొదలెడతారు. నాయనా, నేను సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుని. తుపాకీ కన్నా కొలత టేపు పట్టుకుని తిరిగిందే ఎక్కువ. నన్ను నిద్రపోనివ్వని పోస్టింగ్ ఆ కొండ కాదు, ఈ బెంగళూరు వార్డే. అందుకే దాని గురించి చెబుతాను.

సైనికాసుపత్రిలో వెన్నెముక దెబ్బతిన్నవాళ్ళ వార్డు అది. పాతకాలపు పొడవాటి కట్టడం, పెంకుల కప్పు, ముందు వరండా. పన్నెండు మంచాలు. ఒకటో మంచం తూర్పు కిటికీ పక్కన ఉంటుంది. కిటికీ అవతల గోడ, గోడ అవతల ఆసుపత్రి లారీలు నిలిపే షెడ్డు. తెల్లారకముందే ఇంజన్లు గర్రుమంటాయి.

వార్డు ఇన్‌ఛార్జి ఒక మేజర్ మేడమ్. తెనాలి వైపు ఆవిడ. నర్సుగా చేరి ఆఫీసరయ్యారు. నన్ను నిలువునా ఒకసారి చూశారు.

"కొండ మీద ఏం చూసేవాడివి దానియేలూ?"

"చలికి చచ్చుబడిన వేళ్ళు, మేడమ్."

"ఇక్కడ తిండి చూడు. మందులు డాక్టర్లు రాస్తారు. పుళ్ళు నేను కడిగిస్తాను. ఎవరు తింటున్నారు, తిన్నది ఒంటికి పడుతోందా లేదా, అది నీ డ్యూటీ."

"తూకం వేస్తే తెలిసిపోదా మేడమ్?"

"తూకం ఒక్కటే నమ్ముకుంటే మునుగుతావు. కాళ్ళకి నీరు పడితే మనిషి చిక్కిపోతున్నా కాటా పైకే పోతుంది. చేతి చుట్టుకొలత తియ్యి. ముంగాలు మీద వేలితో నొక్కు, గుంట పడుతుందేమో చూడు. పెదాల మూలలు, నాలుక, గోళ్ళు చూడు. అన్నిటికంటే ముందు కంచం చూడవయ్యా."

నా సరంజామా ఇదీ: ఒక టేపు, ఒక పెన్ను, ఒక జోలె తూకం. నడవలేనివాళ్ళు కాటా మీద నిలబడలేరు కదా. మందపాటి గుడ్డ జోలెలో మనిషిని పడుకోబెట్టి, చక్రాల క్రేనుకు తగిలించి పైకి లేపుతాం. పైన అంకెలు వెలుగుతాయి. ప్రతి సోమవారం పొద్దున, టిఫిన్‌కు ముందు. మూత్రం సంచి ఖాళీ చేశాకే తూచాలి. అది మేడమ్ ఆర్డరు.

మొదటి రోజే ఒకటో మంచం దగ్గర ఆగాను. ఒకడు బోర్లా పడుకుని ఉన్నాడు. తల మంచం అంచు దాటి ఉంది. నా ముఖం కాదు, బూట్లు చూశాడు.

"కొత్త బూట్లు. ఎడమది మడమ కాడ అరిగుండాది. ఎవురప్పా నువ్వు?"

"హవల్దార్ దానియేలు. నర్సింగ్."

"తెలుగోడివా! ఏ ఊరన్నా?"

"మదనపల్లె."

"మాది హోస్కోటె. పట్టాళంలో చేరకముందు మీ ఊరికి పొయ్యే చింతామణి దావలో రోజూ లారీ తోలినోణ్ణి. ఇంగ మనం బంధువులే పో."

అతను నాయక్ మునిరాజు. తాతల కాలం నుంచీ బెంగళూరు పక్కనే స్థిరపడిన తెలుగు కుటుంబం. సప్లై లారీ డ్రైవరు. కొండ మలుపులో బండి జారి లోయలో పడింది. ఎదురు రొమ్ము కింది నుంచి స్పర్శ లేదు. చేతులు మాత్రం ఉక్కులాంటివి. ఏళ్ళ తరబడి స్టీరింగ్ తిప్పిన చేతులు.

అతని కష్టం వెన్నెముక కాదు, అంతకన్నా చిన్నది. తోక ఎముక మీద పుండు. అరచేయి అంత. దాని వల్ల వెల్లకిలా పడుకోకూడదు, కూర్చోకూడదు. రెండు గంటలకోసారి మేమే తిప్పాలి. కుడి పక్క, ఎడమ పక్క, బోర్లా. అయిదు నెలలుగా ఇదే. లోకాన్నంతా అడ్డంగానో తలకిందులుగానో చూస్తున్నాడు. మనుషుల్ని చెప్పుల్ని బట్టి గుర్తుపట్టేవాడు.

"నడిచేది ఇంగ లేదని నాకు తెలుసన్నా. దానికి ఏడ్చేసినా. కూసోవాల నేను. కుర్చీలో కూసుంటే చాలు, చేత్తో తోలే బండి ఒకటి కొంటా" అనేవాడు రోజూ.

కూర్చోవాలంటే ఆ పుండును పక్కనున్న కండతో కప్పి కుట్టాలి. సర్జన్ కల్నల్ సాబ్ రౌండ్స్‌లో తేల్చి చెప్పారు: ఒంట్లో బలం లేకుండా కోస్తే కుట్లు నిలవవు, పుండు ఇంకా పెద్దదై విచ్చుకుంటుంది, అప్పుడిక ఆ కుర్చీ మాట మరిచిపోవాలి. ముందు తిండి ఒంటికి పట్టాలి. కనీసం యాభై ఆరు కిలోలు తూగాలి, రక్తంలో ప్రోటీను పెరగాలి. ఆ మాటల్లో మునిరాజు చెవికెక్కింది ఒక్కటే. యాభై ఆరు.

నేను వేసిన మొదటి తూకం యాభై ఒకటి. ఆ మరుసటి వారం యాభై రెండు. మూడో వారం యాభై మూడున్నర. వార్డంతా చప్పట్లు. పక్క మంచం మల్లేశం ఈల కూడా వేశాడు. మల్లేశం సిద్దిపేట వాడు, సిగ్నల్స్ హవల్దారు. మందుపాతర పేలి ఒక కాలు పోయింది, నడుమూ దెబ్బతింది. వైర్‌లెస్ సెట్టు పోయినా సెట్టు మీది అలవాటు పోలేదు.

"రెండో మంచం కాలింగ్. ఒకటో మంచం ఎవరెస్టు ఎక్కుతున్నది. ఓవర్!"

అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను. టేపు ఇంకో మాట చెబుతోంది. భుజం ఎముకకూ మోచేతికీ సరిగ్గా నడుమ పెన్నుతో చుక్క పెట్టి కొలుస్తాను. మొదటి వారం ఇరవై అయిదు సెంటీమీటర్లు. తరువాత అర సెంటీమీటరు తగ్గింది. మూడో వారం ఇరవై నాలుగు. టేపు సాగిందేమోనని కొత్తది తెచ్చాను. అదీ ఇరవై నాలుగే అంది.

నాకు కుదురు లేకుండా పోయింది. కొండ మీద శత్రువు ఎటు ఉన్నాడో తెలిసేది. ఇక్కడ కళ్ళెదుటే ఒక మనిషి బరువు పెరుగుతూ చిక్కిపోతున్నాడు. టీ తాగుతూ కూర్చోలేను, వరండాలో అటూ ఇటూ తిరుగుతాను. క్వార్టర్‌కి వెళ్ళినా అదే. ఒకరోజు ఫోనులో మా ఆవిడ "నువ్వు నాతో మాట్లాడతాండావా, ఆ మంచంతో మాట్లాడతాండావా?" అని కసిరింది.

మేడమ్‌కి చెప్పాను. ఆవిడ వచ్చి మునిరాజు ముంగాలు మీద బొటనవేలితో నొక్కి పట్టారు. గుంట పడలేదు.

"నీరు కాదు. మరి ఈ కిలోలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? కంచం చూశావా?"

"కడిగినట్టు వస్తోంది మేడమ్. గుడ్లు, పాలు, పప్పు, కోడికూర, ఏదీ మిగల్చడం లేదు."

"అయితే కంచమన్నా అబద్ధం, టేపన్నా అబద్ధం. తేల్చు."

ఆ ఆదివారం మునిరాజు భార్య రేణుక వచ్చింది. హెబ్బగోడిలో గది అద్దెకు తీసుకుని బట్టల ఫ్యాక్టరీలో కుడుతుంది. వారానికి ఒక్కరోజు సెలవు. బస్సులు మారి వస్తుంది. స్టీలు డబ్బాలో రాగి ముద్ద, నాటుకోడి పులుసు తెచ్చింది. ఆ వాసనకు వార్డంతా తలలెత్తింది. మునిరాజు మాత్రం ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

"రోంత తినప్పా. వేడిగుండాది."

"సాయంత్రం తింటా. ఆడ పెట్టు."

ఆమె నావైపు చూసింది.

"అన్నా, ఈయన సరిగ్గా తింటా ఉండాడా?"

"కంచం ఖాళీగానే వస్తోందమ్మా."

"కంచం గురించి కాదన్నా నేనడిగేది."

ఆమె దుప్పటి సర్ది, అతని కాళ్ళు తుడిచి, అతని కింద బట్ట తీసి చూసి, మార్చింది. అంతసేపూ మునిరాజు కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాడు. అది నేను చూశాను. చూసి కూడా నాకు అర్థం కాలేదు. నా దృష్టంతా డబ్బా మీదే ఉంది.

మర్నాడు సోమవారం. పెద్ద ఆఫీసరెవరో తనిఖీకి వస్తున్నారని హడావిడి. క్రేను పక్క వార్డుకు పోయింది, ఎంతకీ తిరిగి రాలేదు. తూకం ఆలస్యమైంది. నేను పదో మంచం దగ్గర దుప్పటి మూలలు మడుస్తున్నాను.

"నర్సింగ్! ఒకటో మంచం! ఎమర్జెన్సీ! ఎమర్జెన్సీ!"

మల్లేశం గొంతు. ఈసారి ఓవర్ అనలేదు.

పరుగెత్తాను. మునిరాజు ముఖం ఎర్రగా కందిపోయింది. నుదుటి మీది నుంచి చెమట ధారలు కడుతోంది. కాళ్ళేమో మంచుముద్దలు. "తలకాయ పగిలిపోతాండాదన్నా" అంటున్నాడు. బీపీ అంకె చూసి మేడమ్ కోసం కేక పెట్టాను. వెన్నెముక పైభాగంలో దెబ్బతిన్నవాళ్ళకు కింద ఎక్కడైనా బాధ పుడితే వాళ్ళకు తెలియదు, ఒంటికి తెలుస్తుంది. రక్తపోటు ఆకాశానికి ఎగురుతుంది. మెదడులో నరం తెగి క్షణాల్లో పోయినవాళ్ళున్నారు.

మేడమ్ వచ్చేశారు. "కూర్చోబెట్టండి! పుండు సంగతి తరువాత! నిటారుగా!"

ముగ్గురం పట్టుకుని లేపాం. కూర్చుంటేనే పోటు దిగుతుంది. నేను చొక్కా గుండీలు తెంపాను. ఎక్కడ నొక్కుకుపోయింది? మడత పడిన దుప్పటా? బిగిసిన పట్టీయా?

"గొట్టం చూడు దానియేలన్నా" అన్నాడు మల్లేశం. ఏడుస్తున్నాడు. "తొడ కింద. గొట్టం మడిచి పెట్టిండు."

చెయ్యి పెట్టి లాగాను. మూత్రం గొట్టం రెండుగా మడిచి, పట్టీగుడ్డతో కట్టి, స్పర్శ లేని తొడ కింద దాచి ఉంది. విప్పగానే సంచి నిండడం మొదలైంది. నిండుతూనే ఉంది.

ఆ గందరగోళంలో మునిరాజు తల కిటికీ వైపు తిరిగింది. అయిదు నెలల్లో మొదటిసారి నిటారుగా ఉన్నాడు. కిటికీలోంచి గోడ మీదుగా లారీల షెడ్డు కనిపిస్తోంది. చెమట కళ్ళలోకి కారుతూనే ఉంది.

"అన్నా, ఆ మూడో బండి ముందు టైర్లో గాలి తక్కువుండాది" అన్నాడు.

"నోరు మూసుకోరా!" అని అరిచాను.

పోటు మెల్లగా దిగింది. మనిషి దక్కాడు. అతణ్ణి మళ్ళీ పక్కకు పడుకోబెట్టాక నా కోపం కట్టలు తెంచుకుంది. మేడమ్ ఉన్నారని కూడా చూడలేదు.

"ఏం రా, చావాలనుందా నీకు? ఎందుకు కట్టినావురా గొట్టం?"

అతను మెల్లగా చెప్పాడు. భర్తీ ర్యాలీకి పోయినప్పుడు రెండు కిలోలు తక్కువున్నాడట. లైన్లో నిలబడే డజను అరటిపళ్ళు మింగి, రెండు సీసాల నీళ్ళు తాగి, కాటా ఎక్కి పాసయ్యాడట. ఇక్కడా అదే చేశాడు. ప్రతి సోమవారం తెల్లవారుజాము నుంచే నీళ్ళు. తాగిన నీళ్ళు సంచిలోకి పోతే నేను పారబోసి తూస్తాను కదా. అందుకని గొట్టం మడత. తూకం అయ్యాక విప్పేసేవాడు. ఈసారి తూకం ఆలస్యమైంది.

"యాభై ఆరు కావాల కదన్నా. భర్తీలో అందరూ చేసేదే కదా."

సైన్యంలో ఉన్నవాణ్ణి, నాకు తెలియదా? మా బ్యాచిలో సగం మంది అరటిపళ్ళ మీదే పాసయ్యాం. వార్డులో ఇంకొందరు తలలు దించుకున్నారు. కాటా అనేది దాటేయాల్సిన గేటని మా అందరి రక్తంలో ఇంకిపోయింది.

"భర్తీలో నిన్ను కోయలేదు కదరా! ఈ నీళ్ళ బరువు చూసి కోసుంటే కుట్లు పిగిలి ఇంగ జన్మలో కూసునేవాడివి కాదు. తెలిసిందా? తింటే పోయేదానికి ఈ నీళ్ళెందుకు? నీకు పెట్టే తిండి ఏమైపోతాంది?"

"నేను తిన్న" అన్నాడు మల్లేశం. "బిడ్డ మీద ఒట్టేయించుకున్నడు. నేనేం జేద్దు?"

అప్పుడు చూశాను మల్లేశం చొక్కా. గుండీలు తెగిపోయేలా ఉన్నాయి. ప్రతి సోమవారం అతని తూకం పెరుగుతుంటే మంచిదే కదా అనుకున్నాను.

మునిరాజు ముఖం గోడవైపు పెట్టి చెప్పాడు.

"తింటే కిందికి పోవాల కదన్నా. ఎప్పుడు పోతాదో నాకు తెలీదు. వాసనొస్తేనే తెలిసేది. అప్పుడు నువ్వు ఎత్తాల, లేకుంటే ఇంగొకరు. ఆమెకు వారానికి ఒగదినం రజా. ఆ దినం కూడా నన్ను కడిగి పోతాది. తినకుంటే ఆ బాధ లేదు. అంతే అన్నా, సుమ్నే, ఊరికే చేసింది కాదు."

నేను వరండాలోకి వెళ్ళాను. స్తంభం పట్టుకుని ఏడ్చాను. సిగ్గేమీ లేదు చెప్పడానికి. వాడు ఆకలిని ఓర్చుకున్నాడు, తలపోటును ఓర్చుకున్నాడు, భార్య చేతులు ఓర్చుకోలేకపోయాడు.

మేడమ్ నా వెనకే వచ్చారు.

"కంచంలో ఏం మిగిలిందో చూశాం. కంచం చూడగానే వాడికి ఏం భయం వేస్తోందో అడగలేదు. ఇప్పుడు తెలిసింది కదా. పద, పని చూడు."

పని చూశాం. రోజూ పొద్దున తెర కట్టి, మలద్వారంలో మాత్ర పెట్టి, కడుపు మెల్లగా రుద్దితే విరేచనం ఒక వేళకు అలవాటు పడుతుంది. తెర లోపలికి నేను తప్ప ఎవరూ రాకూడదు. ఆదివారం రేణుక బస్సు దిగేసరికి అంతా అయిపోయి, మనిషి శుభ్రంగా ఉండాలి. ఆమె చేతికి దువ్వెన తప్ప వేరే పని మిగలకూడదు. ఇదీ ఒప్పందం. ఒకటి తప్పితే తినను అన్నాడు. తప్పలేదు.

అందరి ముందూ అరిచానని మునిరాజు నా మీద కోపంతో చాలా రోజులు మాట్లాడలేదు. తినేవాడు మాత్రం. గుడ్డు నోట్లో పెట్టుకుని నన్ను చూస్తూ నమిలేవాడు, నన్నే నములుతున్నట్టు. పక్క మంచం నుంచి మాత్రం ప్రసారం ఆగలేదు.

"రెండో మంచం కాలింగ్. ఇక్కడ రేషన్ కట్ అయింది. బహు గోసగున్నది. ఓవర్."

నీళ్ళ బరువు పోయాక అసలు తూకం చూశాం. నలభై తొమ్మిదిన్నర. వార్డులో ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నేను టేపు తీశాను. అడగకముందే మునిరాజు చొక్కా చెయ్యి పైకి మడిచి, చేయి మంచం బయటికి చాచాడు. ముఖం ఇంకా అటువైపే. ఆ నెలంతా టేపు కదల్లేదు. ఆ తరువాత నెలలో ఒక గీత దాటింది. ఒకే ఒక్క గీత. నేను అరిచిన అరుపుకు మేడమ్ గదిలోంచి పరుగెత్తుకొచ్చారు.

ఆ మొండి గీతలు లెక్కపెడుతూ ఉండగానే నా సర్వీసు అయిపోయింది. అప్పటికి మునిరాజు యాభై నాలుగు, అసలు సిసలు యాభై నాలుగు. ఆపరేషన్ ఇంకా కాలేదు. ఎక్స్‌టెన్షన్ అడిగాను, దొరకలేదు. నా బదులు వచ్చిన కుర్ర నాయక్‌కు అన్నీ నేర్పాను. కడుపు రుద్దే పద్ధతి రెండుసార్లు చేయించి చూశాను.

"నువ్వు పోతే తెర లోపలికి ఎవురన్నా?" అన్నాడు మునిరాజు.

"వీడే. చేతులు నాకంటే మెత్తన. నువ్వు తిను, అంతే."

"పోయిరా అన్నా. ఆ ఎడమ బూటు మార్చు."

కె.ఆర్.పురంలో బస్సెక్కాను. ఓల్డ్ మద్రాస్ రోడ్డు మీద బండి ఇంచు ఇంచుగా కదులుతోంది. హోస్కోటె దాటుతుంటే ప్రతి లారీ కేబిన్లోకీ తొంగి చూశాను. సైన్యం నుంచి ఇంటికి పోతున్నవాడికి ఉండాల్సిన సంతోషం నాకు లేదు. సగంలో వదిలేసి పోతున్నానన్న గుబులే. ఇంటికొచ్చాక కూడా అంతే. పెళ్ళి విందుల్లో పక్కవాళ్ళ ఆకు చూడను, భుజాలు చూస్తాను. మా మామ చెయ్యి పట్టుకుని చుట్టుకొలత తీస్తే, నాకు పిచ్చి పట్టిందని ఊరంతా చెప్పుకున్నాడు.

ఒకరోజు ఫోను మోగింది. వీడియో కాల్. రేణుక నంబరు. తెర మీద మునిరాజు. నిలువుగా ఉన్నాడు. వెనక చక్రాల కుర్చీ వీపు కనిపిస్తోంది. కుట్లు నిలిచాయట. రోజుకు కాసేపు కూర్చోనిస్తున్నారట. నేనేమో ముందు అతని చేతి వైపు చూస్తున్నాను, ఎంత కండ పట్టిందా అని.

"ముఖం చూడన్నా! ముఖం! మొదటిసారి తిన్నంగా చూపిస్తాండా నీకు!" అని అరిచాడు. వెనక ఎక్కడినుంచో మల్లేశం "ఓవర్" అన్నాడు.

చూశాను. నవ్వుతున్నాడు. నేనూ నవ్వాను, మా ఆవిడ కూడా వచ్చి చూసింది. ఆ రాత్రి హాయిగా నిద్ర పడుతుందనుకున్నాను.

కానీ కళ్ళు మూసుకుంటే ఆ కుర్చీ రాదు. ఆ సోమవారమే వస్తుంది. ముగ్గురం రెక్కలు పట్టి కూర్చోబెట్టిన మనిషి, కందిపోయిన ముఖం, కళ్ళలోకి కారే చెమట. చావు పక్కనే నిలబడి ఉంటే వాడు కిటికీలోంచి లారీలను చూస్తున్నాడు.

ఆ సోమవారం సాయంత్రం డ్యూటీ దిగాక నేను లారీల షెడ్డుకు వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు, వాడికి కూడా. మూడో బండి ముందు టైరును బూటుతో తన్ని చూశాను. గాలి తక్కువగానే ఉంది.